పొట్టి చెయ్యి

ఆ చలికాలం మొగుడికి తన చేత్తో స్వెట్‌షర్టు కుట్టి తొడగాలని కోడలికి ముచ్చట పుట్టింది. జాకెట్లూ గలీబులూ ఆమెకి కొట్టిన పిండే గానీ ఇది కొత్త. అందుకే కాగితం ప్యాటర్ను కొనుక్కొచ్చి, లోపల నూగున్న బూడిదరంగు గుడ్డ మీద పరిచి, గుండుసూదులు గుచ్చి, సుద్దతో గీసింది. గుడ్డ మడిచి రెండు చేతులూ ఒక్కసారే కత్తిరించింది కాబట్టి తేడా వచ్చే ప్రసక్తే లేదు.

తీరా కుట్టాక చూస్తే ఎడమ చెయ్యి నాలుగు వేళ్లు పొట్టి. భుజాలు మాత్రం అతనికి వేలాడుతున్నాయి.

"నా చెయ్యి అరిగిపోయిందనుకున్నావా?" అని నవ్వాడు మొగుడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. కుట్లు విప్పి రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. సరిసమానం. మళ్లీ కుట్టింది. మళ్లీ ఎడమది పొట్టే. ఈసారి మోచేతి దగ్గర కాస్త వంకర కూడా తిరిగింది.

బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు వలుస్తున్న అత్తగారు దాన్ని ఒళ్లోకి తీసుకుని నిమిరింది. మోచేతి దగ్గర ఆమె అరచెయ్యి ఆగిపోయింది.

"దీన్ని ఇంక విప్పకమ్మా. ఇది పెద్దాడి చెయ్యి."

పెద్దాడంటే బావగారు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఆ ఏడే జ్వరమొచ్చి పోయాడు. కోడలికి ఆయన ఫొటోలోనే తెలుసు.

"ఆయన బళ్లో చదివేటప్పుడే పోయారు కదత్తయ్యా. ఇది పెద్దవాళ్ల కొలత."

"ఉంటే ఈపాటికి ఇంతవాడయ్యేవాడు," అంది అత్తగారు, మామూలుగా.

స్వెట్‌షర్టుని ఆవిడే కిటికీ పక్క కుర్చీకి తగిలించింది. మర్నాడు అందరూ బయటికెళ్లి వచ్చేసరికి దాని చేతులు మోచేతుల దాకా ఎగమడిచి ఉన్నాయి. ఇంకోరోజు కోడలు సర్దబోయి మెడ దగ్గర పట్టుకుంటే, అప్పుడే ఎవరో విప్పినట్టు వెచ్చగా తగిలింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మ మనసు బాగాలేదు, నీకు భయం పట్టుకుంది," అని మొగుడు దాన్ని సంచిలో కుక్కి, ఎవరికైనా ఇచ్చేద్దామని కారు డిక్కీలో పడేశాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరివో పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. అత్తగారు శాలువా కప్పుకుని నిద్రపోతోంది. మొగుడు టీవీ కట్టేసి చెవి ఒగ్గాడు. చప్పుడు ఖాళీ కుర్చీ దగ్గర్నించి వస్తోంది. గబగబా కిందికెళ్లి సంచి పట్టుకొచ్చాడు. స్వెట్‌షర్టు కుర్చీకి తొడిగాడో లేదో, చప్పుడు సద్దుమణిగింది.

"చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకునేవాళ్లం," అన్నాడు దాని చేతులు సర్దుతూ. "మొత్తం నేనే లాగేసుకునేవాణ్ణి."

ఆ తర్వాత దాన్ని ఎవరూ కదపలేదు. కొన్నాళ్లు కోడలు ఆ గదిలోకి వెళ్లాలంటే బిక్కుబిక్కుమంటూనే వెళ్లేది. మెల్లగా అలవాటైపోయింది. ఒక పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ కుర్చీ దాకా వచ్చి, ఏదో ధ్యాసలో, "కాస్త కాళ్లు పైకి పెట్టుకోండి బావగారూ," అనేసింది.

కుర్చీ కిర్రుమంది. ఆమె ఒక్క క్షణం ఆగి, చీపురు కుర్చీ కిందికి పోనిచ్చింది.