మైనస్‌కు చోటు

మా బావ సినిమాలు ఎడిట్ చేస్తాడు. మేనత్త కొడుకు కాబట్టి నన్ను ఏడిపించే హక్కు పుట్టుకతోనే వచ్చిందనుకుంటాడు. నేను రాసే డ్రైవర్ అంటే కంప్యూటర్ మాట డిస్కుకు, డిస్కు మాట కంప్యూటర్‌కు చేరవేసే ప్రోగ్రాం అని ఎన్నిసార్లు చెప్పినా, "అంటే చాడీలు చెప్పే ఉద్యోగం, నీకు సరిగ్గా సరిపోయింది" అంటాడు.

అలాంటివాడు ఈసారి కాళ్లబేరానికి వచ్చాడు. చెక్క పడవలు కట్టే ఒక ముసలి మేస్త్రి తన ఆఖరి పడవ కడుతుంటే, మొదటి పలక కోసిన దగ్గర్నుంచి నీళ్లలోకి దించేదాకా అంతా చిత్రీకరించాడు. పడవ నీళ్లలోకి దిగింది. మేస్త్రి పనిముట్లు పంచిపెట్టేసి పని మానేశాడు. మళ్లీ తీద్దామన్నా తీయడానికి ఏమీ లేదు. ఆ సినిమా అంతా అద్దెకు తెచ్చిన కెమెరా కార్డుల్లోనే ఉంది. శుక్రవారం సాయంత్రంలోగా దాన్ని తన డిస్కులోకి ఎక్కించుకుని, కార్డులు చెరిపేసి కొట్టుకు తిరిగి ఇచ్చేయాలి.

మా పాత డ్రైవర్‌తో అది జరిగే పని కాదు. ఇంత రాయమని డిస్కుకు పంపే ఒక్కో రిక్వెస్టు ఎంత పెద్దదో రాసుకోవడానికి అందులో వాడిన ఇంటిజర్ టైపు, అంటే అంకె పెట్టుకునే గడి, మరీ ఇరుకు. డిస్కులు చిన్నగా ఉన్న రోజుల్లో ఎవరో మహానుభావుడు పెట్టింది. పెద్ద రిక్వెస్టు వస్తే ఆ అంకె అందులో పట్టదు కాబట్టి, డ్రైవర్ దాన్ని ముక్కలు ముక్కలు చేసి పంపుతుంది. చెంచాతో డ్రమ్ము నింపినట్టే.

ఆ టైపును వెడల్పు చేయడం నా పని. సొంత డబ్బా కొట్టుకోకూడదు గానీ, బాగానే చేశాను. ఆ అంకె ఎక్కడెక్కడ తిరుగుతుందో మూలమూలా వెతికి మార్చాను. పనిలో పనిగా మైనస్ అంకెలు పట్టని టైపు ఎంచుకున్నాను. సైజుకు మైనస్ ఏమిటి, నా మొహం! ఆ చోటు కూడా కలిసొస్తుంది కదా అనుకున్నాను. కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ కిక్కురుమనలేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి. కాపీ పరుగులు తీసింది.

గురువారం బావ ఫోన్ చేశాడు.

"అయిపోయిందన్నావుగా, ఇచ్చెయ్యవే."

"మా చాదస్తం రేపు పొద్దున వస్తాడు. ఆయన డిస్కు పీకాలి."

"పీకడమేంటి?"

అది మా ఆఫీసు ఆచారం. డ్రైవర్‌ను ఎవరు ముట్టుకున్నా సరే, డిస్కు రాస్తూ ఉండగా మా టీం పెద్ద స్వయంగా వచ్చి దాన్ని ఊడబెరకాలి. అంతవరకూ అది గడప దాటదు. అందుకే ఆయనకు చాదస్తం అని పేరు పెట్టుకున్నాం. బావ ఆయన్ని నానా మాటలూ అన్నాడు. నేనూ అడ్డు చెప్పలేదు. ఆచారం మీద గౌరవంతో ఆగానని అనుకోకండి. బయటికి వదలడానికి ఆయన అనుమతి కావాలి, అంతే.

శుక్రవారం పొద్దున్నే చాదస్తం వచ్చి, చొక్కా చేతులు మడిచి, రాస్తున్న డిస్కును సర్రున లాగేశాడు. తెర మీద కాపీ ఆగలేదు. అంతా సవ్యంగా రాసేశానని చెబుతూ ముందుకే పోతోంది.

ఆయన చేతిలోని డిస్కును పైకెత్తి చూపించాడు. "అమ్మాయ్, డిస్కు నా దగ్గరుంది. మరి రాస్తున్నదెవరు?"

నా మొహం మాడిపోయింది. కానీ తప్పెక్కడుందో ఆ క్షణంలోనే అర్థమైంది. ఎంత రాసిందో డిస్కు జవాబు కూడా అదే గడిలోకి వస్తుంది. రాయలేకపోయినా, అసలు డిస్కే లేకపోయినా అందులో మైనస్ అంకె పడుతుంది. నా కొత్త టైపులో మైనస్‌కు చోటు లేదు కాబట్టి, అది కాస్తా బ్రహ్మాండమైన పెద్ద అంకె అయి కూర్చుంది. అడిగినదానికన్నా ఎక్కువే రాసిందని డ్రైవర్ సంబరపడిపోయింది.

"సైజుకు మైనస్ ఉండదు గురువుగారూ. జవాబుకు ఉంటుంది," అన్నాను.

"ఎంతసేపు పడుతుంది?"

"భోజనాల వేళకి ఇచ్చేస్తా."

ఖాయమేనా అని ఆయన అడగలేదు. నాకూ అనుమానం లేదు, ఆ కోడ్ నాకు కొట్టిన పిండి. వెడల్పు తగ్గకుండా మైనస్ కూడా పట్టే టైపు పెట్టి, ఆ జవాబు చేరే ప్రతిచోటూ మళ్లీ చూశాను. ఆయన మళ్లీ పీకాడు. తెర ఎర్రబడి కాపీ టక్కున ఆగిపోయింది. ఎరుపు చూసి అంత ఆనందపడటం నాకు అదే మొదలు.

మధ్యాహ్నం బావ ఎడిటింగ్ గదికి నేనే వెళ్లాను. కిటికీలకు నల్లగుడ్డలు, కాలికి చుట్టుకునే వైర్లు, ఎవరూ కడగని కప్పులు. పొద్దున చిన్న మార్పు చేశామని చెప్పి, డ్రైవర్ ఎక్కించి కాపీ మొదలుపెట్టగానే బావ "అబ్బో!" అని ఈల వేశాడు. సగం దాటాక తెర ఎర్రబడింది. డిస్కు రాయలేకపోతోంది.

బావ ఇంతెత్తున లేచాడు. "చెడగొట్టారుగా! నిన్నటిదే పరుగెత్తిందన్నావుగా, అదే పెట్టు. కొట్టు మూసేస్తారు!"

"పెట్టను. ఇది నిజమే చెప్తోంది. పోయింది నీ డిస్కు."

"నిన్ననే అట్టపెట్టె విప్పానే! కొత్తది!"

"కొత్తదైతే పోకూడదా?"

నాకూ ఒళ్లు మండింది. ఆ డిస్కు ఊడదీసి, పాత డ్రైవర్ ఉన్న అతని రెండో కంప్యూటర్‌లో పెట్టాను. అక్కడా రాయనని మొండికేసింది. వేరే డిస్కు పెట్టి మొదటినుంచి కాపీ చేశాం. ఈసారి ఆఖరిదాకా వెళ్లింది. ప్రతి ఫైలునూ కార్డులోని దానితో సరిపోల్చి చూపించాను. ఒక్క తేడా లేదు. తెర మీద మేస్త్రి పడవ పలకను అరచేత్తో నిమురుతూ ఎక్కడ గరుకుందో వెతుకుతున్నాడు.

బావ కార్డులు చేతిలోకి తీసుకున్నాడు గానీ, చెరపలేదు.

"నిన్నటిదే పెట్టి ఉంటే, ఇందాక ఆ డిస్కు పోయినప్పుడు ఏం చెప్పేది?"

"అంతా రాసేశానని చెప్పేది."

బావ కార్డులను బల్ల మీద పెట్టేశాడు.

"చెరిపేసేవాణ్ణి," అన్నాడు.

"పక్కన నిలబడి నేనే చెరిపెయ్యమనేదాన్ని బావా."