నన్ను అడగనక్కర్లేదు

1998 జూలై. బాపట్ల కాలేజీలో నేలల పాఠాలు చెప్పే చంద్రశేఖరం గారికి ఆ ఉత్తరం అందిన దగ్గర్నుంచి అన్నం సహించలేదు. రాసింది పాత శిష్యుడు అబ్రహాము. రేపల్లెలో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు. 'సార్, మీ ప్రోగ్రాములో ఒక లైను మార్చానండి. మీ పేరు మాత్రం అలాగే ఉంచాను.'

బోరు నీటి ఉప్పదనం మీటరుతో కొలిచి ఆ అంకె ఇస్తే, నీళ్ళు నారుమడికి పనికొస్తాయో లేదో చెప్పే ప్రోగ్రాము అది. నిరుడు దాన్నీ, తన పాఠాల నోట్సునూ ఇంటర్నెట్లో పెట్టేశారు. కింద అనుమతి పత్రం కూడా ఆయనే రాశారు: ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నా పేరు ఉంచితే చాలు, నన్ను అడగనక్కర్లేదు. ఆ చివరి మాట రాసినప్పుడు ఎంత మురిసిపోయారో! పెద్దమనసు చాటుకోవడం ఎవరికి చేదు? ఇప్పుడేమో ఆ మాటే గొంతులో ముల్లయి కూర్చుంది. కుర్రాడు ఏం గెలికాడో ఏమో. ఈ ఏడు కాలవ నీళ్ళు ఆలస్యమై ఊళ్ళన్నీ బోర్ల మీదే నార్లు పోశాయి. ఎక్కడ మడి మాడినా తిట్లు తన పేరుకే.

తెనాలిలో బండి మారి రేపల్లె చేరేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. సెంటర్లో అబ్రహాముతో పాటు పెనుమూడి రైతు యలమంద ఉన్నాడు. ఎవరొచ్చారో తెలియగానే లేచి దణ్ణం పెట్టాడు.

"మీ పేరు చూసి నమ్మామండి. మీ ప్రోగ్రాము మా బోరు నీళ్ళు వద్దంది. మానేసి చెరువులో ఇంజను వేసి తోడుకున్నాను. నారు బతికిందండి."

చంద్రశేఖరం గారు అబ్రహాము వైపు తిరిగారు. "ఏం మార్చావురా?"

అబ్రహాము నసిగాడు. "కాలేజీ మీటరూ, మా చేతి మీటరూ ఒకే అంకె చూపించవండి. మాది చూపించినదాన్ని పదింతలు చేసుకోవాలి. మీ ప్రోగ్రాము ఏ మీటరో అడగదు సార్. అడిగేలా చేశానండి."

ఆయన గబగబా పాతదీ కొత్తదీ రెండూ నడిపించి చూశారు. అదే బోరు, అదే అంకె. కొత్తది వద్దంది. తన చేత్తో రాసింది మాత్రం ఆ నీళ్ళు నిక్షేపంగా పెట్టుకోమంది. కుర్చీలో కూర్చుని శిష్యుడి వైపు తిరిగారు.

"దిద్దినవాడివి, నీ పేరు రాయొద్దూ?"

"మీ పేరు పక్కన నా పేరా? ఎంత మాటండి!"

వినయం మండ! రెండిటి మీదా ఒకటే పేరుంటే ఏది మంచిదో, ఏది ముంచేదో ఎవరికి తెలుస్తుంది? కానీ ఆయనకు కోపం శిష్యుడి మీద రాలేదు, తన మీదే వచ్చింది. కీబోర్డు ముందుకు లాక్కుని 'తప్పు నాది, దిద్దింది అబ్రహాము' అని రాశారు. ఇకపై మార్చినవాళ్ళు ఏం మార్చారో రాసి తమ పేరు కూడా పెట్టాలని అనుమతి పత్రంలో చేర్చారు. 'నన్ను అడగనక్కర్లేదు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"మరి పాతది పట్టుకెళ్ళినోళ్ళకి ఎవరు చెప్తారండి?" అన్నాడు యలమంద. "వాళ్ళ పేర్లు మీ దగ్గరుంటాయిగా?"

ఏడాదిలో ఆయనకు వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం, అబ్రహాము రాసినది. అది జేబులో ఉంది.