మూడు నుంచి మొదలయ్యే టేపు

మా ఆయన లెక్కల మాస్టారు. రిటైరై రెండేళ్ళయినా, ఎక్కడ తప్పు కనిపించినా ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకుంటారు. నేను దర్జీని. ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి నాది. మనిషి షాపు మెట్టెక్కేలోపే నడుమెంతో, భుజమెంతో నా కంటికి తెలిసిపోతుంది. ఈ రెండు ముక్కలూ ముందే ఎందుకు చెప్తున్నానంటే, పడవలో పోతూ ఒక రైలు వంతెన ముందు మేం మూడు రోజులు పడిగాపులు కాయడానికి ఈ రెండే కారణం.

పడవ ఆయన సరదా. పాత తెరచాప పడవ ఒకటి కొని, ఏడాదంతా దానికి రంగులేసి, చెక్కలు మార్చి, ఆకులు రాలే కాలానికి నీళ్ళలోకి దింపారు. సముద్రం పక్కనే ఇసుక దిబ్బల చాటున పోయే పడవల కాలువలో పన్నెండు రోజుల ప్రయాణం అన్నారు. కాలువ చివరి ఊళ్ళో మా అక్క ఉంటుంది. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అక్కకి గుండె ఆపరేషన్. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. "లోపలికి తీసుకెళ్ళే ముందు నీ మొహం చూసి వెళ్ళాలే చిన్నదానా" అంది ఫోన్లో. వస్తానని మాటిచ్చాను. బస్సులో పోతానంటే ఈయన వినలేదు.

"పడవలోనే పోదాం. బుధవారానికల్లా నిన్ను వదినగారి మంచం పక్కన కూర్చోబెట్టే పూచీ నాది" అన్నారు.

ఏడాదిపాటు ఆ పడవ కోసం పడ్డ పాట్లు చూశాను కదా, కాదనలేకపోయాను. నా బుద్ధికి ఏమనాలో నాకే తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ రైలు వంతెన దగ్గరికి చేరాం. మామూలుగా పడవలొస్తే పక్కకి తిరిగి దారిచ్చే వంతెన. ఆ రోజు తిరగలేదు. మా ఆయన హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయి వంతెన ఆఫీసుకి ఫోన్ చేశారు. మోటారు కాలిపోయిందట, బాగుచేసే మనిషి శనివారం గానీ రాడట.

"శనివారమా! శుక్రవారం అక్క ఆపరేషన్ అని చెప్పండి వాళ్ళకి!" అని గావుకేక పెట్టాను.

"మోటారుకి మీ అక్క తెలుసేమిటి?" అన్నారు ఈయన. సమయానికి తగ్గ జోకులు!

వంతెన స్తంభం మీద తెల్ల రంగుతో అంకెలు వేసి ఉన్నాయి. నీటికీ వంతెనకీ మధ్య ఎన్ని అడుగుల ఖాళీ ఉందో అవి చెప్తాయి. అప్పుడు ఆటు సమయం, సముద్రం వెనక్కి తీసి నీళ్ళు ముప్పై ఆరు దగ్గర ఆగాయి. పగటిపూట అంత ఖాళీ ఉండేది ఆ కాసేపే. నేను తలెత్తి మా తెరచాప కొయ్య కొసదాకా చూశాను, వంతెన అడుగు చూశాను.

"పడుతుందండీ. మన కొయ్య నీటి మట్టం నుంచి ముప్పై అయిదున్నర ఉంటుంది. మెల్లగా పోనివ్వండి" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. "ఇదేమన్నా జాకెట్టు అనుకున్నావా కంటితో కొలవడానికి? ముప్పై ఏడున్నర. కొయ్య నేల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే నా చేత్తో నేను కొలిచాను. రాసి కూడా పెట్టాను."

రాసి పెట్టాను అన్నారంటే ఇంక మా ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. నలభై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి. పోనీలే, కొలిచిన మనిషికి నేనేం చెప్తానని ఊరుకున్నాను.

అలా ఇరుక్కుపోయాం. వెనక్కి పోదామంటే రోడ్డున్న రేవు రెండు రోజుల దారి, పైగా ఎదురుగాలి. దిగి నడుద్దామంటే రెండు పక్కలా రెల్లు, దాని కింద మోకాలి దాకా దిగబడే బురద. చిన్న తెప్ప ఒకటి ఉండేది, బరువని ఇంటి దగ్గరే వదిలేయించారు ఈయన. సీజను అయిపోయింది కాబట్టి వేరే పడవ జాడ లేదు. వంతెన మీద రైలు పట్టాలే తప్ప మనిషి నడిచే దారి లేదు. రోజుకి రెండు రైళ్ళు మా నెత్తి మీదుగా దడదడమంటూ అక్క ఊరికి పోతున్నాయి. కిటికీల్లో మొహాలు కూడా కనిపిస్తున్నాయి. ఒకావిడ పండు ఒలుచుకుంటూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. నాకు ఏడుపొచ్చింది.

పడవ లోపలి గది మా షాపులో బట్టలు మార్చుకునే గదికి రెండింతలుంటుందేమో. ఆయన లేస్తే నేను కూర్చోవాలి, నేను లేస్తే ఆయన కాళ్ళు ముడుచుకోవాలి. మంచుకి కిటికీ అద్దాలు చెమరుస్తాయి, దుప్పట్లు తేమెక్కి వాసనేస్తాయి. ఫోను పడవ ముందుకొసన ఒంటికాలి మీద నిలబడితే పలుకుతుంది, లేకపోతే లేదు.

"ఎక్కడిదాకా వచ్చారే?" అని అక్క అడిగితే, "దగ్గర్లోనే ఉన్నామక్కా" అన్నాను. అబద్ధం కాదు. రెండు గంటల దూరమే.

చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని అక్కకి నైటీ కుట్టడం మొదలుపెట్టాను. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు చేతులు పైకెత్తకూడదట, అందుకని పైనుంచి కింద దాకా ముందు గుండీలే. బుధవారం పొద్దున అంచు కొలుద్దామంటే టేపు కనపడలేదు. కుట్టు సంచీ మొత్తం బోర్లించాను.

"నా టేపు చూశారా?"

"లేదే" అన్నారు ఆయన, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఆటు తీసింది. నేను పైన నిలబడి స్తంభం మీద అంకెలు చూస్తూ ఉసూరుమన్నాను. ఆయన పైకి రాలేదు. తలనొప్పి అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. పాపం, నాకు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయానని కుమిలిపోతున్నారనుకుని నేనే వెళ్ళి నుదుటికి మందు రాశాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

గురువారం మధ్యాహ్నం చలి ఎక్కువైంది. ఇంకో దుప్పటి దొరుకుతుందేమోనని లైఫ్ జాకెట్లు పెట్టే పెట్టె మూత ఎత్తాను. అడుగున ఆయన లెక్కల పుస్తకం, దాని మీద నా టేపు. పొందిగ్గా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. నేనెప్పుడూ టేపు చుట్టను, మెడలో వేసుకుంటాను. చుట్టేది ఆయనే.

దొరికిందే చాలనుకుని నైటీ అంచు మీద పెట్టాను. బొటనవేలు దానంతట అదే మూడు తీసేసి లెక్కపెట్టుకుంది. అప్పుడు ఆగిపోయాను.

ఆ టేపు మూడు దగ్గర మొదలవుతుంది. చివర ఉన్న ఇత్తడి రేకు ఊడి, గుడ్డ పోగులు లేచిపోతుంటే ఎప్పుడో పదేళ్ళ కిందట నేనే మూడంగుళాలు కత్తిరించేశాను. కొత్తది కొనాలని ఎప్పుడూ అనిపించలేదు. మూడు తీసేసి చదవడం నా చేతికి అలవాటైపోయింది. అరవై అని రాసున్న చోట ఉండేది యాభై ఏడే. ఈ సంగతి నాకూ, షాపులో నా పక్క మెషీను మీద కుట్టే ఆవిడకీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఈయన కొయ్య కొలిచింది దీంతోనేనా?

పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో, కొయ్య ముప్పై నాలుగు అడుగులు, నీటి నుంచి పడవ పైచెక్క దాకా మూడున్నర, మొత్తం ముప్పై ఏడున్నర. దాని కింద ఎర్ర సిరాతో ఇంకో లెక్క ఉంది. టేపు మొదలు సున్నా కాదు, మూడు, కొయ్యకి ఏడు సార్లు, పైచెక్క దాకా ఒకసారి, మొత్తం ఎనిమిది సార్లు వేశాను, సారికి మూడంగుళాలు ఎక్కువ వచ్చింది, ఇరవై నాలుగు అంగుళాలు తీసెయ్యాలి, ముప్పై అయిదున్నర. రెండు గీతలు కొట్టి ఉంది.

పక్కన తేదీ వేశారు. తేదీ వెయ్యకుండా ఏదీ రాయరు కదా మహానుభావుడు. బుధవారం, ఉదయం ఆరూ పది.

పుస్తకం పట్టుకుని పైకి వెళ్ళాను. ఆయన చుక్కాని దగ్గర కూర్చుని కమ్మీ తుడుస్తున్నారు. పుస్తకం చూడగానే గుడ్డ చేతిలోంచి జారిపోయింది.

"నిన్న పొద్దున్నే తెలుసా మీకు?"

"చెప్దామనే అనుకున్నాను. మంగళవారం నువ్వు సరిగ్గా అదే అంకె చెప్పావు. నేను నవ్వాను. మళ్ళీ వచ్చి నీదే రైటు అని ఎలా చెప్పను? ఈలోగా ఎవరైనా వచ్చి వంతెన తిప్పేస్తారులే అనుకున్నాను" అన్నారు.

"నిన్న మూడింటికి పోయుంటే సాయంత్రానికి అక్క దగ్గరుండేదాన్ని."

"తిట్టు" అన్నారు. "ఎంత తిడతావో తిట్టు."

నా నోరు ఎలాంటిదో మా వీధి వీధంతా తెలుసు. పాలు ఆలస్యమైతే తిడతాను, గుండీ ఊడితే తిడతాను, పెళ్ళయిన నాటి నుంచీ ఈ మనిషిని తిట్టని రోజు లేదు. ఆ నిమిషంలో ఒక్క తిట్టు రాలేదు.

స్తంభం వైపు చూశాను. నాలుగవుతోంది, నీళ్ళు ముప్పై ఆరుకి దిగుతున్నాయి. "లంగరు తియ్యండి" అన్నాను.

"ఆరంగుళాలే ఖాళీ. అల వస్తే కొయ్య విరుగుతుంది."

"విరగనివ్వండి."

చుక్కాని నేనే పట్టుకున్నాను. ఇంజను మెల్లగా వేసి, ఆయన ముందుకొసన నిలబడి పైకి చూశారు. వంతెన నీడ మా మీద పడింది. తుప్పు వాసన, పైనుంచి నీటి చుక్కలు. నేను పైకి చూడలేదు, నా కన్ను ఎప్పుడో కొలిచేసింది. కొయ్య కొసన గాలి చూపించే రేకు వంతెన కమ్మీ కింద నుంచి జానెడు కన్నా తక్కువ దూరంలో జారిపోయింది. ఏమీ తగల్లేదు. అవతలి ఎండలోకి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. రేవు చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చీకటి పడే వేళకి ఆసుపత్రికి చేరాను. అక్క మంచం మీద ఇంతైపోయి ఉంది. మూడు రోజులుగా ప్రతి అడుగు చప్పుడుకీ తలుపు వైపు చూసిందని నర్సు చెప్పింది. నైటీ ఇస్తే గుండీలన్నీ ఒక్కొక్కటీ తడిమి, దిండు కింద పెట్టుకుంది.

"ఇంత ఆలస్యమైందేమే? మా మరిదిగారిని దారంతా తిట్టి ఉంటావు పాపం."

"లేదక్కా, తిట్టలేదు."

అక్క నన్ను అదేపనిగా చూసింది. "నువ్వా? తిట్టకుండానా? అయితే ఏదో పెద్దదే జరిగింది."

"ఏం లేదు, వంతెన మోటారు కాలిపోయింది, అంతే" అన్నాను. అంత తేలిగ్గా దాచేశాను. దాచడం ఇంత సులువా అని నాకే భయమేసింది.

పొద్దున ఎనిమిదింటికి బండి మీద తీసుకెళ్తుంటే తలుపు దాకా అక్క చెయ్యి వదల్లేదు. పదకొండున్నరకి నర్సు వచ్చి అంతా బాగా జరిగిందంది. వరండాలో బల్ల మీద కూర్చుని మొహం కప్పుకుని ఏడ్చాను. మా ఆయన రాత్రి నుంచీ అదే బల్ల మీద ఉన్నారు. చెయ్యి నా భుజం దాకా తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"ఏదో ఒకటి అనవే. నువ్విలా ఊరుకుంటే ఊపిరాడట్లేదు నాకు" అన్నారు.

అనాలనే ఉంది. తిట్టేస్తే తేలికైపోతుంది, సాయంత్రానికి ఇద్దరం మామూలైపోతాం, అదీ తెలుసు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. మెడలో టేపు సర్దుకుని కూర్చున్నాను. ఇద్దరి మధ్యా బల్ల మీద జాగా పద్దెనిమిది అంగుళాలు. కొలవక్కర్లేదు, నా కంటికి తెలుసు.