ముందే చెప్పిన సాక్ష్యం

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టి ఇది వినండి. చివర్లో మిమ్మల్నే ఒక మాట అడగాలి, అప్పుడు "ఏంటీ, ఏం జరిగిందీ" అంటే కుదరదు.

అమెరికాలో నోవై అనే ఊళ్లో బ్యూలా అని ఒకామె ఉంది. తెనాలి అమ్మాయి. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. మంచు పడడం మొదలైన వారంలోనే ఆ కంపెనీ ఒక్క వీడియో కాల్‌లో ఆమె టీమ్ మొత్తాన్నీ ఇంటికి పంపేసింది. భర్త శశికాంత్‌ది ఆమె వీసా మీద ఆధారపడ్డ వీసా, అతను ఉద్యోగం చేయడానికి లేదు. ప్రభుత్వం ఇచ్చే అరవై రోజుల గడువు లోపల ఇంకో కంపెనీ ఆమెని తీసుకోకపోతే ఇంటిల్లిపాదీ దేశం వదలాల్సిందే.

"గ్రేస్ పీరియడ్ అంట! గ్రేస్ అంటే కృప గదా? గింత పిసినారి కృప నేనెక్కడా చూడలే" అన్నాడు ఖమ్మంవాడైన శశికాంత్. బ్యూలా నవ్వింది. అప్పటికింకా నవ్వు వచ్చేది.

వెనక్కి వెళ్లడానికి ఆమెకి భయం లేదు. భయమంతా ఏడేళ్ల దియ కాలి గురించే. ఆ పిల్లకి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. ఆపరేషన్ చేసి, ఎముకకి పట్టేలా కాలి చుట్టూ లోహపు ఫ్రేమ్ బిగించారు. దాని మరల్ని ఇంట్లోనే రోజూ కాస్త కాస్త తిప్పుతూ ఉంటే ఎముక మధ్య సందు పెరిగి, అందులో కొత్త ఎముక పుడుతుంది. నెలల తరబడి సాగే పని. మధ్యలో ఆపితే, లేత ఎముక గట్టిపడకముందే వంగిపోతుందని సర్జన్ ముందే చెప్పాడు. హైదరాబాద్‌లో రెండు ఆస్పత్రులకి మెయిల్ పెడితే, వేరేవాళ్లు మొదలుపెట్టిన కేసుని మధ్యలో తీసుకోలేమన్నారు. ఇన్సూరెన్స్ ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతోంది.

బ్యూలా ప్రార్థన మానే మనిషి కాదు. శనివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరుగుతుంది. దాన్ని నడిపించేది ఆశీర్వాదం అంకుల్. చాలా మంచి మనిషి, ఎవరికి జ్వరం వచ్చినా రసం కాచి పట్టుకెళ్తాడు. ఆయనకో పట్టుదల ఉంది. దేవుణ్ణి అడిగింది చేతికి రాకముందే లేచి నిలబడి, వచ్చేసిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పి స్తుతించాలి, విశ్వాసమంటే అదీ అంటాడు. కూడికలో అందరికీ అలవాటైపోయింది. ఇల్లు కొనకముందే ఇంటి సాక్ష్యం, గ్రీన్‌కార్డు రాకముందే గ్రీన్‌కార్డు సాక్ష్యం. కొన్ని నిజంగానే వచ్చేవి. రానివాళ్లు మాత్రం ఆ మాట మళ్లీ ఎత్తేవాళ్లు కాదు.

అలాంటి సమయంలో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగింది. ఆఖరి రౌండ్ చేసిన మేనేజర్ "త్వరలో కలుద్దాం" అని నవ్వాడు కూడా. ఆ శనివారం బ్యూలా ఆగలేకపోయింది. సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అనగానే లేచి, మైకు పట్టుకుని, "దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడు, ఆయనకే స్తోత్రం" అనేసింది. చప్పట్లు! పక్కనున్న రేణు ఆంటీ అయితే కావలించుకుని ఏడ్చేసింది.

మంగళవారం మెయిల్ వచ్చింది. కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశామనీ, అన్యథా భావించవద్దనీ.

ఇప్పుడు చూడండి అసలు చిక్కు. మెయిల్ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేకపోయింది. వాట్సాప్ గ్రూప్‌లో ఆమె కోసం నడుస్తున్న ప్రార్థన ఆగిపోయింది, జవాబు వచ్చేసింది కదా! తర్వాతి కూడికలో స్మృతి గబగబా ఎదురొచ్చింది. వేరే కంపెనీలో పనిచేసే పిల్ల.

"అక్కా, మా టీమ్‌లో సేమ్ టెస్టింగ్ రోల్ ఓపెన్ అయ్యింది తెలుసా? నీ రెజ్యుమేనే ఇద్దామనుకున్నా. నీకు ఆల్రెడీ వచ్చేసిందిగా, అందుకే ఇంకో అబ్బాయిది రిఫర్ చేశా. మొన్నే సెలెక్ట్ అయ్యాడు. ప్రైజ్ ద లార్డ్!"

బ్యూలా నోరు తెరిచింది. గొంతులోంచి వచ్చింది మాత్రం "ప్రైజ్ ద లార్డ్" అనే.

ఇక తట్టుకోలేక, కుర్చీలు సర్దుతున్న ఆశీర్వాదం అంకుల్ దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, ఆ జాబ్ రాలేదు. క్యాన్సిల్ అయిపోయింది. అందరికీ చెప్పేస్తానంకుల్."

"ష్‌... అమ్మా, అమ్మా, నోటితో వెనక్కి తీసుకోకు. ఇది పరీక్ష. నువ్వు చెప్పింది సాక్ష్యం, అబద్ధం కాదు. ఇంకా టైముందిగా?"

"ఎక్కడుందంకుల్? సోమవారంతో అయిపోతోంది."

"ఆయనకి సోమవారమొకటీ ఆదివారమొకటీనా తల్లీ" అన్నాడాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి. వెంటనే చెయ్యి తీసేసి, సర్దిన కుర్చీనే మళ్లీ సర్దసాగాడు. ఆయనకీ ఏం చెప్పాలో తెలియలేదని బ్యూలాకి అర్థమైంది, దాంతో ఇంకా భయమేసింది.

పార్కింగ్‌లో కారు మీది మంచు గీకుతుంటే రఘువీర్ వచ్చాడు. కూడికలో కీబోర్డు వాయిస్తాడు, బయట సాఫ్ట్‌వేర్ వాళ్లని వేరే కంపెనీల ప్రాజెక్టులకి పంపే చిన్న కన్సల్టెన్సీ నడుపుతాడు.

"వందనాలక్కా. అంకుల్‌తో మాట్లాడుతుంటే చెవిన పడింది, ఏమనుకోకు. నేను ఫైల్ చేస్తా నీ వీసా. సోమవారం పొద్దున్నే. దియ పాప ఇన్సూరెన్స్ కూడా మా ప్లాన్‌లో మొదటిరోజు నుంచే."

బ్యూలా చేతిలో గీకుడు చెక్క ఆగిపోయింది. "నిజంగానా తమ్ముడూ? ప్రాజెక్ట్ ఎక్కడ?"

"అదే... ప్రాజెక్ట్ ఉన్నట్టు చూపిస్తాం. క్లయింట్ మనవాడే. ఎవరైనా ఫోన్ చేస్తే, అక్కడ పని చేస్తున్నానని చెప్పు, చాలు. తర్వాత నిజం ప్రాజెక్ట్ దొరికితే మారిపోదువుగానీ."

"అంటే అబద్ధం చెప్పాలి."

"అక్కా, ఆకలేసిన ప్రవక్తకి దేవుడు కాకి చేత రొట్టె పంపాడా లేదా? కాకి ముక్కు శుభ్రంగా ఉందా అని ఆయన చూసుకున్నాడా? నన్ను ఆ కాకిననుకో." నవ్వాడు. వెటకారం కాదు, నిజంగానే సాయం చేద్దామని వచ్చాడు. "రేపు సాయంత్రంలోపు ఎస్సో నోనో మెసేజ్ పెట్టు."

దారంతా ఆమె ప్రార్థించలేదు. ఏమని అడగాలి? అడిగిందే వచ్చింది, ఈ రూపంలో వచ్చింది. ఇది పంపింది ఆయనేనా, ఆయన కాదా? పోనీ పంపలేదనుకుంటే, మరి ఆయన పంపింది ఏదీ?

మర్నాడు మధ్యాహ్నం దాకా దాచుకుని, చివరికి శశికాంత్‌కి చెప్పింది.

"దొరికితే జన్మలో మళ్ల ఈ దేశంల అడుగు పెట్టనియ్యరు" అన్నాడు.

"వద్దంటావా?"

"వద్దంటే పిల్ల కాలు? నన్నడగకు బ్యూలా. నువ్వే గదా ఎప్పుడూ దేవుడు చూసుకుంటడంటవ్. చూసుకుంటుండా మరి? చూసి ఊకుంటుండా?"

అన్నాక తనే బాధపడి, లేచి వెళ్లి స్పానర్ తెచ్చాడు. మరలు తిప్పే వేళయింది. శశికాంత్ కాలు కదలకుండా పట్టుకున్నాడు, బ్యూలా తిప్పింది. దియ పెదవి కొరుక్కుంది.

"మమ్మీ, అయిపోయిందా?"

"ఇంకొక్కటి, బంగారం."

"ఇట్స్ ఓకే. లిటిల్ బిట్ నొప్పి ఓన్లీ." తర్వాత, రోజూ అలవాటైనట్టే, కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "జీసస్, థాంక్యూ ఫర్ మై లెగ్. థాంక్యూ ఫర్ మమ్మీ న్యూ జాబ్. ఆమెన్. మమ్మీ, నువ్వు ఆమెన్ చెప్పలే!"

బ్యూలా వంటింట్లోకి వచ్చేసింది. కిటికీ అవతల మంచు వాలుగా పడుతోంది. దేవుడా అంది, అంతే, ఆ తర్వాత మాట లేదు. బైబిలు వాక్యం ఏదైనా గుర్తుకొస్తుందేమోనని ఆగింది. రాలేదు. గుండెలో నెమ్మది లాంటిది దిగుతుందని అందరూ అంటారు కదా, దాని కోసమూ చూసింది. ఫ్రిజ్ రొద తప్ప ఏమీ లేదు. ఆయన ఉన్నాడనే ఆమెకి ఇప్పటికీ నమ్మకం, అదే మరీ బాధ. ఉన్నాడు, వింటున్నాడు, పలకడం లేదు.

ఫోన్ వెలిగింది. రఘువీర్. "అక్కా, లాయర్ వెయిటింగ్. ఎస్సా, నోనా?"

ఎస్ అంటే ఎముక నిలబడుతుంది, ఆ పిల్ల నడిచే ప్రతి అడుగు కిందా ఒక అబద్ధం ఉంటుంది. నో అంటే రేపటితో అన్నీ మూసుకుపోతాయి, ఆయన ఏదైనా చేస్తాడన్న నమ్మకం తప్ప చేతిలో ఇంకేమీ మిగలదు, ఆ నమ్మకం బరువు మోయాల్సింది మాత్రం దియ కాలు.

బ్యూలా వేలు తెర మీద అలాగే ఉంది. మీరే చెప్పండి, ఆ వంటింట్లో ఆమె చోట మీరుంటే, ఏమని టైప్ చేస్తారు?