చింతగింజల గొలుసు

చింతపండులోంచి గింజలు తీస్తూ, తీసిన వాటినే నేలమీద పేర్చాను. వరసగా నాలుగు, రెండోదాని పక్కనుంచి కిందికి రెండు. ఒక్కో గింజ ఒక్కో కార్బన్ అనుకుని, ఆ గొలుసు పేరేంటో కాలేజీలో ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అమ్మాయి సూర్యావతి చెప్పాలి. నెలాఖరుకి దాని పరీక్ష.

"బ్యూటేన్... కాదు కాదు. వంగినా గొలుసు గొలుసేనమ్మా. ఇలా తిరిగి లెక్కపెడితే అయిదు. త్రీ మిథైల్ పెంటేన్!"

"ఎవరు పెడతారే ఈ పేర్లు?"

"ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టరు. అందులో ఏముందో చూసి పెడతారు. రాజోల్లో పెట్టినా లండన్లో పెట్టినా అదే పేరు."

నాకు ఒళ్లు మండింది, పిల్లమీద కాదు. పుట్టింట్లో నేను మంగాయమ్మని. మా అత్తగారూ మంగాయమ్మే. కాపరానికొచ్చిన నాడే ఆవిడ, "నా పేరెట్టి నిన్ను తిడితే నన్ను నేను తిట్టుకున్నట్టుంటాదే. తులసి అందాం" అన్నారు. తిట్టడానికి వీలుగా ఉంటుందని పెట్టిన పేరు నాది! తెల్లారకముందే లేచి పాలేళ్లకి చద్దన్నాలు కట్టి, ధాన్యం ఎండబోసి, ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తిన్నదానికి అంతకంటే ఏం దొరుకుతుంది? "ఇంట్లో కూచునే ఆడదానికి పనేంటి?" అని మా ఆయన మాణిక్యాలరావుగారు ఇప్పటికీ అంటారు. కూచోవడం ఎప్పుడో నాకైతే గుర్తులేదు.

పిల్లని కాలేజీకి పంపిన రోజల్లా నాకు గుండె దడే. కాలేజీలో స్పిరిటు దీపం జడకంటుకుంటుందేమో, ఆసిడ్ చేతిమీద ఒలుకుతుందేమో, కాలవలో పడవ ఒరుగుతుందేమో. అయినా పంపుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం కొత్తపేట నుంచి మా ఆయన పిల్లకి కుదిర్చిన పెళ్లికొడుకు మేనమామ త్రిమూర్తులుగారు తాంబూలాలు పుచ్చుకోడానికి వచ్చేరు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"ముహూర్తం వచ్చేవారమేనండీ. మా అక్కగారి పేరూ సూర్యావతేనండి. అంచేత పిల్ల పేరు మార్చాలి. పరీక్షంటారా, మా ఇంట్లో ఎవరిక్కావాలండీ!"

"ఆయ్, అలాగేనండి. మా ఆడదానికి మార్చలేదా? ఏం, చచ్చిపోయిందా?" అని మా ఆయన నవ్వేరు. త్రిమూర్తులుగారూ నవ్వేరు.

గదిలో సూర్యావతి పుస్తకం మూసిన చప్పుడయింది.

ఇది తప్పితే ఇంకో సంబంధం రాదేమో. ఊళ్లో ఏమంటారో. ఆయన చెయ్యి చేసుకుంటారేమో. అత్తగారు అన్నం మానేస్తారేమో. అన్నీ ఒక్కసారే అనుకున్నాను. అనుకుంటూనే వెళ్లి, వాళ్లిద్దరి మధ్యా ఉన్న తాంబూలం పళ్లెం ఎత్తి చంకన పెట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, పిల్లకి పరీక్షలున్నాయండి. అవి రాశాక రండి. అప్పుడు దాన్నే అడగండి, పేరు మార్చుకుంటుందో లేదో."

"మతి పోయిందేంటే నీకు?" అంటూ మా ఆయన లేచేరు.

"కొంచెం మజ్జిగ పుచ్చుకుంటారా అన్నయ్యగారూ?" అన్నాను. త్రిమూర్తులుగారు పుచ్చుకోలేదు. కండువా దులుపుకుని వీధిలోకి నడిచేరు. బతిమాలుకుంటూ మా ఆయన వెనకే వెళ్లేరు.

వంటింట్లోకొచ్చి పళ్లెం చింతగింజల పక్కన దింపాను. సూర్యావతి గుమ్మంలో నిలబడి, "అమ్మా, భయంగా లేదా?" అంది.

"ఎందుకు లేదే! భయపడ్డం నా పని, నేను చూసుకుంటాను. నువ్వెళ్లి చదువుకో."