ఎత్తితే లేచే ధర

అద్దాలాయన సాయంత్రం ఇంటికి వస్తే చెప్పులైనా విప్పకుండా వెళ్ళి ఆంప్లిఫయర్ స్విచ్చి వేసేవాడు. అది వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో వేళ్ళ సందుల్లోని గాజుపొడి కడుక్కుని, కూరలు తరిగి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అప్పుడు వచ్చి పేముకుర్చీలో కూర్చునేవాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీయడం ఆయన పని. పగలంతా చెవిలో ఆ గీరుడు తప్ప మరో శబ్దం ఉండదు. అందుకే సాయంత్రం గంటసేపు రెండు స్పీకర్ల ఎదుట కూర్చోవడం. స్పీకర్లు ఒక్కొక్కటీ నడుమెత్తు ఉంటాయి. కుర్చీ ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండాలి.

"ఏవండీ, పాడే ఆవిడ ఇవాళ ఎక్కడ నిలబడింది?" అని భార్య వంటగదిలోంచి అడిగేది.

"కిటికీ దగ్గర. ఊడుస్తూ కుర్చీ జరిపావు."

ఆవిడ వచ్చి కుర్చీని జానెడు ఇవతలికి లాగేది. పాడే ఆవిడ గది మధ్యకి వచ్చేది.

ఆవిడ ఒక పాత బేకరీలో పిండి కలుపుతుంది. భర్త సంగీతం మీద ఆవిడకి ఫిర్యాదేమీ లేదు. ఫిర్యాదల్లా అటక మీద మూడు అట్టపెట్టెల గురించే. ఆంప్లిఫయరూ స్పీకర్లూ వచ్చిన ఆ ఖాళీ పెట్టెలు పన్నెండేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

"మనకి దుప్పట్లు పెట్టుకునే చోటు లేదు గానీ, మీ అట్టపెట్టెలకి మాత్రం మేడ."

"పెట్టెలు లేకపోతే అమ్మేటప్పుడు ధర రాదు."

"ఎప్పుడు అమ్ముతారేం?"

"అమ్మను."

ఆ సంభాషణ ఏడాదికి రెండుమూడుసార్లు జరిగి, అక్కడే ఆగేది.

ఆ ఏడు బేకరీ యజమాని పొయ్యి చల్లార్చేసి, స్థలం అమ్మేస్తున్నానని చెప్పాడు. ఊళ్ళో మిగతా బేకరీలన్నీ మిషన్లతో పిండి కలుపుతున్నాయి. చేత్తో కలిపేవాళ్ళు వాళ్ళకి అక్కర్లేదు.  మూడో రోజు ఆవిడ వీధి మలుపులో ఖాళీగా ఉన్న కొట్టు గురించి చెప్పింది. లోపల ఇటుకల పొయ్యి ఉంది. వెనక కిటికీ ఊచల్లోంచి ఆవిడ దాన్ని చాలాసార్లు చూసింది. అంతకుముందు ఉన్న రొట్టెలాయన ఖాళీ చేసి నాలుగేళ్ళయింది. ఆ కొట్టు యజమానురాలు పై అంతస్తులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, మాట కరుకు.

"అడ్వాన్సు లక్ష," అని చెప్పిందట. "ఆదివారానికల్లా తెస్తే నీది. లేదంటే మా మేనల్లుడు కారు పెట్టుకుంటానంటున్నాడు. షట్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, అది తెరిపించుకునే తిప్పలు మీవే."

వాళ్ళు దాచుకున్నది పిండికీ ట్రేలకీ సరిపోతుంది. అడ్వాన్సుకి చాలదు.  అద్దాలాయన అన్నం తిని కంచం తీస్తూ అన్నాడు:

"అటక మీంచి పెట్టెలు దింపాలి. కుర్చీ పట్టుకుంటావా?"

ఆవిడ కుర్చీ పట్టుకుంది. పెట్టెల మీద దుమ్ము తుడుస్తుంటే ఆయన వెనక్కి తిరిగే ఉన్నాడు గనక మొహం కనబడలేదు.

మర్నాడు ఆవిడ తమ్ముడు వచ్చాడు. అతను వ్యాన్ నడుపుతాడు. పాత సామాను అమ్మేవాళ్ళ ఇంటి నుంచి కొనేవాళ్ళ ఇంటికి మోస్తాడు. వాడిన వస్తువు చేతులు మారేటప్పుడు, అమ్మేవాళ్ళు ధర నోటితో అనాలి, పక్కన ఇంకొకరు వినాలి. ధర సరైనదైతే బీరువా కూడా పీటలా లేస్తుంది. ఎక్కువైనా, తక్కువైనా, పీట కూడా బీరువా అయిపోతుంది. అందుకని వ్యాన్ తమ్ముడు బేరం మధ్యలో తలదూర్చడు గానీ, బేరం తప్పితే నష్టపోయేది తన నడుమే కాబట్టి చెవి మాత్రం అటే పెడతాడు. ముందు వారమే ఒక కుట్టుమిషను దగ్గర అతని మనుషులు ఇద్దరు మంచం పట్టారు. అమ్మినాయన, చుట్టాలు కదా అని మరీ తగ్గించి చెప్పాడట.

"బావా, ధర ఖాయమేనా? మళ్ళీ నూనె రాసుకుని పడుకోలేను."

"లక్ష," అన్నాడు అద్దాలాయన.

మొదట వచ్చినవాడు హోటలాయన. కొత్తగా కట్టిన హోటలు హాలులో అందరికీ కనబడేలా పెట్టడానికి ఆయనకి పెద్ద స్పీకర్లు కావాలి. పాట పెట్టమని అడగలేదు. స్పీకర్ల చుట్టూ ఒకసారి తిరిగి, పైన వేలితో కొట్టి చూశాడు.

"లక్షేగా? సరే. ఎత్తండి."

వ్యాన్ తమ్ముడు, అతని మనుషులు ముగ్గురు ఆంప్లిఫయర్ కింద చేతులు పెట్టారు. అది బల్లకి వేళ్ళు దిగినట్టు ఉండిపోయింది. స్పీకరు దగ్గరికి వెళ్ళారు. ఒకడి చొక్కా వీపున చిరిగింది. స్పీకరు కింద ఉన్న చాప మడత కూడా కదల్లేదు.

"ఇంకో పదివేలు వేసుకోండి," అన్నాడు హోటలాయన.

"వద్దండీ!" అన్నాడు వ్యాన్ తమ్ముడు కంగారుగా. "అప్పుడు నేల కుంగుతుంది."

హోటలాయన గడియారం చూసుకుని, పక్క వీధిలో మరెవరో అమ్ముతున్నారని వెళ్ళిపోయాడు. చేతికొచ్చిన లక్ష గుమ్మం దాటిపోవడం చూస్తూ భార్య వంటగది గడపలో నిలబడింది.

"ఆయన వెనకాలే వెళ్ళి పిలుచుకురాకపోయారా?" అంది.

"పిలిచి ఏం చేస్తావక్కా? బావ నీ అవసరానికి ధర కట్టాడు. సామానుకి కట్టలేదు."

"సామాను ధర ఎంతో ఎవరికి తెలుసు?"

"బావకి తెలియాలి. కొన్నది ఆయనేగా."

అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

"పదండి, మనమే చూద్దాం," అంది భార్య. "మీరు చెప్పండి. నేను వింటా. వీడు ఎత్తుతాడు. మీరు కొన్నది ముప్పైకి కదా, నాకు గుర్తుంది. అక్కణ్ణుంచి మొదలెట్టండి."

"ముప్పై వేలు," అన్నాడు అద్దాలాయన చాలా చిన్నగా.

తమ్ముడు ఆంప్లిఫయర్ ఎత్తబోయి, "అమ్మో!" అని వదిలేశాడు. "బావా, ఇది లక్షప్పటి కన్నా బరువుగా ఉంది."

"నలభై."

కదల్లేదు.

"పెంచండి," అంది భార్య.

"యాభై." 

"ఇంకా?"

"అరవై."

"వాడు చెమటలు కక్కుతున్నాడు. పెంచండి."

"డెబ్భై," అనేసరికి ఆంప్లిఫయర్ ఒక మూల వెంట్రుకవాసి లేచింది. భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పన్నెండేళ్ళు వాడిన సామాను డెబ్భైకి కూడా లేవడం లేదు. ముప్పైకి ఎక్కడ కొన్నారు, ఏ దేవుడు అమ్మాడు?"

"అప్పట్లో..."

"అప్పట్లో నేను మోచేతుల దగ్గర అతుకులేసుకున్న కోటు వేసుకుని తిరిగాను. ఎంతకి కొన్నారు?"

"లక్షా ఇరవై."

తమ్ముడు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అది భుజాల్లో కనిపిస్తూనే ఉంది. భార్య స్పీకర్ల వైపు చూసింది.

"చెప్పి ఉంటే గొడవ పడేదాన్ని," అంది. "రెండు నెలలు పడేదాన్ని. ఆ తర్వాత అలవాటయ్యేది. పెట్టెల గురించి పన్నెండేళ్ళు సణగడం తప్పేది. ఊఁ, చెప్పండి."

"ఎనభై."

ఆంప్లిఫయర్ దిండులా పైకి వచ్చింది. తమ్ముడు దాన్ని మళ్ళీ కింద పెట్టి ఎడమ స్పీకరు ఎత్తాడు. అదీ లేచింది. కుడి స్పీకరు మాత్రం లేవలేదు.

"దీంట్లో ఏదో దాచావు బావా."

అద్దాలాయన భార్య వైపు చూశాడు. భార్య కిటికీ వైపు చూసింది. కుడి స్పీకరులో మంద్రస్వరాలు పలికే పెద్ద వూఫర్ మధ్య ఉండే గుండ్రటి టోపీ ఒకప్పుడు లోపలికి సొట్టపడింది. ఆయన టేపు అంటించి జాగ్రత్తగా పైకి లాగాడు. సొట్ట పోయింది, సన్నటి మడత మిగిలింది. గుడ్డ తెర వెనక అది ఎవరికీ కనబడదు.

"చీపురు కర్ర," అంది భార్య. "ఆరేళ్ళయింది. సాలెగూడు దులుపుతుంటే తగిలింది. మీరు చూడలేదనుకున్నా."

"ఆ రోజే చూశాను."

"మరి ఒక్క మాట కూడా అనలేదే?"

"ముప్పైవేల సామానుకి ఎంతని అరుస్తాను?" అన్నాడు అద్దాలాయన.

ఈసారి తమ్ముడు నవ్వు ఆపుకోలేదు. భార్య కూడా.

శనివారం బస్సు డ్రైవరు వచ్చాడు. కళ్ళజోడు మార్పించుకోవడానికి దుకాణానికి వెళ్ళి, అక్కడ గోడకి అంటించిన అమ్మకం చీటీ చూశాడట. రోజంతా ఇంజను పక్కన కూర్చునే మనిషి. పేముకుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక పాట విన్నాడు. అయ్యాక, "ఇంకొకటి వినొచ్చా?" అన్నాడు. రెండో పాట సగంలో గొంతు తగ్గించి అడిగాడు:

"పాడే ఆవిడ ఇక్కడే ఉందేంటండీ, గది మధ్యలో?"

అద్దాలాయన ఆయన పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

ధర మాట రాగానే భార్య ముందుకొచ్చి గుడ్డ తెర తీసింది.

"ఎనభై అనుకున్నాం. కానీ ఇది చూడండి. నా చీపురు పని."

డ్రైవరు కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "ఈ అద్దాలు మీవేనండీ. మడత భేషుగ్గా కనబడుతోంది." మళ్ళీ ఆ చోట చెవి పెట్టి విన్నాడు. "వినబడ్డం లేదు గానీ, తెలిశాక తెలిసినట్టే కదా. నాలుగు తగ్గించండి."

"డెబ్భై ఆరు," అన్నాడు అద్దాలాయన.

వ్యాన్ తమ్ముడు కుడి స్పీకరుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మూడు అట్టపెట్టెలూ నిండాయి. డ్రైవరు ఉండేది రెండో అంతస్తులో. అద్దాలాయన వెంట వెళ్ళి, కుర్చీ ఎక్కడ వేయాలో చూపించి, "వినే ముందు అరగంట వేడెక్కనివ్వండి," అని చెప్పి నడిచి వచ్చాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా అలవాటుగా గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడ స్విచ్చి ఒక్కటే ఉండడం చూసి, చెప్పులు విప్పుకోవడానికి వెనక్కి వచ్చాడు.

ఆదివారం పొద్దున ముగ్గురూ మలుపులోని కొట్టుకి వెళ్ళారు. యజమానురాలు కర్ర పట్టుకుని మెట్లు దిగేసరికి పావుగంట పట్టింది.

"డెబ్భై ఆరా?" అంది. "నేను చెప్పింది లక్ష. ఈ మోకాళ్ళకి సూదులు వేయించుకోవడానికి అంత అవుతుంది."

"ఇంతకుముందు రొట్టెలాయన ఎంత ఇచ్చాడండీ?" అంది భార్య.

"వాడి కాలం వేరు. వాడు వెళ్ళిన నెలే రెట్టింపు చేశాను. తెచ్చేవాళ్ళు తెస్తారు."

వ్యాన్ తమ్ముడు షట్టరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తుప్పు కోసం వెతికాడు. పట్టాలకి ఎవరో బాగానే గ్రీజు పూసి ఉన్నారు. వేలికి అంటింది. అతను ఆ వేలిని అక్కకి చూపించాడు.

ఇళ్ళూ కొట్లూ ఎవరూ ఎత్తి మోయరు గనక, వాటి ధర ఎవరూ ఎత్తి చూడరు. భార్య గ్రీజు వేలిని చూసింది, షట్టరుని చూసింది. నాలుగు రోజుల కిందట తన ఇంట్లో తమ్ముడు అన్న మాటే తనూ అంది.

"మామ్మగారూ, లక్ష మీ మోకాళ్ళ ధర. కొట్టు ధర కాదు. ఊరికే తొంభై అనండి, నేను వింటా. అనడానికి డబ్బులవుతాయా?"

"అంటే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోతే మళ్ళీ లక్ష అందురుగాని."

"తొంభై," అంది ఆవిడ, వేళాకోళంగా.

షట్టరు లోపల ఎక్కడో ఒక స్ప్రింగు నిట్టూర్చింది. ముసలావిడ కర్ర మీద ముందుకి వంగింది.

"ఎనభై అనండి."

"నువ్వెవరివే నాకు పాఠం చెప్పడానికి?" అని, కాస్సేపటికి, "ఎనభై," అంది. కింద రెండంగుళాల చీకటి కనబడింది. అందులోంచి పాత పిండి వాసన, ఇటుక వాసన వచ్చాయి. ముసలావిడ ముక్కు ఎగబీల్చింది.

"చలికాలం ఆ పొయ్యి పక్కన నా స్టూలు ఉండేది," అంది ఎవరితోనూ కాకుండా. "వాడు తెల్లారే మంట వేసేవాడు. ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చునేదాన్ని. అప్పుడు ఈ మోకాళ్ళు ఇలా లేవు."

 వ్యాన్ తమ్ముడు షట్టరు కింద రెండు వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"డెబ్భై," అంది ఆవిడ. ఆగింది. కర్రని రెండు చేతులా పట్టుకుంది. "అరవై."

తమ్ముడు వేళ్ళు తీసేశాడు. షట్టరు తనంతట తనే గడగడమని చివరిదాకా లేచింది. పొద్దుటి ఎండ లోపలికి వెళ్ళి పొయ్యి నోట్లో పడింది. పక్కన స్టూలు అలాగే ఉంది.

ముసలావిడ కాసేపు చూసి గొంతు సవరించుకుంది.

"గ్రీజు ఇప్పటికి పట్టినట్టుంది," అంది.

"మంచి గ్రీజండీ," అన్నాడు వ్యాన్ తమ్ముడు.

మిగిలిన పదహారు వేలు కట్టెలకీ పొయ్యి కొత్త తలుపుకీ పోయాయి. మొదటి రొట్టెలు దించిన సాయంత్రం అద్దాలాయన పని నుంచి నేరుగా అక్కడికి వచ్చాడు. పేముకుర్చీ ముందే అక్కడికి చేరింది. స్టూలు మీద ముసలావిడ మోకాళ్ళు పొయ్యి వైపు పెట్టుకుని కునుకు తీస్తోంది. వేడి రొట్టెల ట్రేలు బల్లకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉన్నాయి. చల్లారుతూ రొట్టెల పైపొర చిటచిటమంటోంది. వందల చిన్న చిన్న చప్పుళ్ళు, ఒకదాని మీద ఒకటి పడకుండా.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. లేచి కుర్చీని జానెడు ఇవతలికి జరుపుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అంది భార్య, పిండి చేతులతో.

"ష్," అన్నాడు అద్దాలాయన. "ఎడమవైపువి ఇప్పుడే మొదలెట్టాయి."