ఊపిరి బిగబట్టే ఆనకట్ట

తెల్లారి మొదటి లాంచీ కూత వెయ్యగానే కోడలు లాకుల దగ్గర చక్రం అందుకుంటుంది. పడవ లోపలికి రాగానే పై గేటు మూసి, నీళ్ళు వదిలి, చంటిబిడ్డని మంచం మీంచి దించినట్టు పడవని దిగువకి దించుతుంది. ఒకప్పుడు ఆ చక్రం మామగారిది. రిటైరై చక్రం వదిలాడు గానీ పెత్తనం వదల్లేదు. ఆనకట్ట గోడకి వీపు ఆనించి, కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే పడవల సరంగులందరికీ సలహాలిస్తుంటాడు.

ఆనకట్టకి వయసు మీద పడింది. ఒళ్ళంతా చెమ్మ, పగుళ్ళు. వీళ్ళ క్వార్టర్సు సరిగ్గా దాని కిందే. పరీక్షకి ఇంజనీర్లొస్తే మాత్రం అది ఊపిరి బిగబట్టేది. గోడ నిటారుగా నిలబడేది, పగుళ్ళు పెదాలు బిగించేవి, చుక్క కారేది కాదు. ఇంజనీర్లు 'సురక్షితం' అని రాసుకుని జీపెక్కి మలుపు తిరిగాక, ఒక్కసారిగా వదిలేది. దండేల మీద బట్టలన్నీ తడిసి ముద్దయ్యేవి. అందుకే పరీక్ష రోజున క్వార్టర్సులో ఎవరూ బట్టలుతకరు.

ఈ విద్య నేర్పింది మామగారే. 'ప్రమాదకరం' అని రాస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారని ఆయన భయం. ఆయన తీరూ అంతే. ఇంట్లో పేగులు తెగేలా దగ్గుతాడు, డాక్టరు ముందు ఛాతీ విరుచుకుని కూర్చుంటాడు.

ఈసారి గోడ మధ్యలో కొత్త పగులు పడింది. వానలు దగ్గరపడ్డాయి. 'సురక్షితం' అంటే మరమ్మతు రాదు.

"దాన్ని బిగబట్టొద్దని చెప్పండి మామయ్యగారూ. మీ మాటే వింటుంది," అంది కోడలు.

"చెప్తే ఇల్లు పోతుందమ్మా."

"చెప్పకపోతే మనతో సహా పోతుంది."

ఆయన మొహం తిప్పుకున్నాడు. అంతలో దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. వెనక గోడా గరగరలాడింది. ఇద్దరికిద్దరూ సరిపోయారనుకుంది కోడలు.

పరీక్షకి ఇంజనీరమ్మ వచ్చింది. సుత్తితో తట్టుకుంటూ గోడంతా చూసింది. ఎక్కడా తడి లేదు. వయసే తెలియట్లేదని మెచ్చుకుని పెన్ను తీసింది. కోడలు మామగారి వైపు చూసింది. ఆయన లేచి, పగులు పక్కన చెయ్యి పెట్టాడు. లోపల గోడ సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ఆయనకి కొత్త కాదు. డాక్టరు ముందు తన పక్కటెముకలు వణికేదీ ఇలాగే.

"చాల్లేరా," అన్నాడు మెల్లగా. "ఇంక వదిలెయ్."

ఆనకట్ట వదిలేసింది. ఇంజనీరమ్మ తలనుంచి కాళ్ళదాకా తడిసిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా బిగబడుతోంది?" అంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"మీకు ముందాయన వచ్చినప్పటినుంచీ," అన్నాడు మామగారు.

ఆవిడ తలూపి, 'ప్రమాదకరం' అని రాసింది.

ఇల్లు ఖాళీ చెయ్యక తప్పలేదు. గట్టు మీద రెండు గదులిచ్చారు. కిటికీలోంచి చక్రం కనిపిస్తుందని తెలిశాక ముసలాయన సణుగుడు ఆపాడు. వానలకి ముందే పగుళ్ళలోకి సిమెంటు ఎక్కించారు. ఆనకట్ట ఇప్పుడు హాయిగా గురకపెడుతోంది.

మరమ్మతు అయ్యాక కోడలు మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే, అలవాటు కొద్దీ ఛాతీ విరిచాడు. తర్వాత ఏమనుకున్నాడో, భుజాలు జార్చి వదిలేశాడు. ఆ దగ్గుకి బల్ల మీద చీటీలన్నీ ఎగిరిపోయాయి.

డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. చాలాసేపు విన్నాడు.

"దీనికి మందుంది పెద్దాయనా," అన్నాడు. "ఈ దగ్గేదో ముందే దగ్గాల్సింది."